గుండు ఊగాలి... నడుం కాదు!

చూడటానికి పాతకాలపు తాళంకప్పలా ఉంటుంది. కింద ఇనుప గుండు, పైన చేతులు పట్టేంత పిడి. 2020 లాక్‌డౌన్‌లో జిమ్‌లన్నీ మూతపడ్డప్పుడు చాలామంది కొన్నట్టే నేనూ ఒక కెటిల్‌బెల్ కొన్నాను. 16 కిలోలు. దాన్ని మూడో అంతస్తు దాకా మోసుకొచ్చిన డెలివరీ కుర్రాడు రొప్పుతూ 'ఏముంది సార్ ఇందులో, రాళ్లా?' అనడిగాడు. నవ్వేశాను.

వారం రోజులు ఫోన్లో వీడియోలు చూస్తూ ఊపాను. ఎనిమిదో రోజు సాయంత్రం నడుం పట్టేసింది. విచిత్రమేమిటంటే అది గుండు ఊపుతున్నప్పుడు కాదు. 50 లెక్కపెట్టి, ఇక చాలనుకుని, లోపల ఫోన్ మోగుతుంటే అటు తిరుగుతూనే వంగి గుండుని పక్కన పెట్టబోయాను. నడుంలో ఏదో కలుక్కుమంది. అంతే! ఆ తర్వాత నాలుగు రోజులు చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఇంట్లోవాళ్ల సాయం కావాల్సొచ్చింది.

లాక్‌డౌన్ సడలించాక ఫిజియోథెరపిస్టు దగ్గరకెళితే ఆయన ఎక్స్‌రే అడగలేదు, మందు రాయలేదు. బల్లమీది పెన్ను తీసి నేలమీద పడేసి 'ఏదీ, ఒకసారి దాన్ని తీయండి' అన్నారు. తీశాను. 'ఇలా వంగేవాళ్లకి 16 కిలోలెందుకండీ, నడుం పట్టెయ్యడానికి ఈ పెన్ను చాలు' అన్నారు!

కెటిల్‌బెల్ వ్యాయామం మొదలుపెట్టాలనుకునే వాళ్లకి చెప్పాల్సిన అసలు సంగతి ఆ పెన్నులోనే ఉంది. ఇది చేతులతో చేసే కసరత్తు కాదు. తుంటి దగ్గర వంగడం, తుంటి దగ్గర లేవడం... ఈ రెండూ వచ్చాకే ఇనుముని ముట్టుకోవాలి. వరస తప్పితే నాలాగే నాలుగు రోజులు మంచం మీద!

సంతలో తూనికరాయి

ఈ గుండు పుట్టిల్లు రష్యా. అక్కడ దీన్ని 'గిర్యా' అంటారు. మొదట్లో ఇది వ్యాయామ పరికరమే కాదు, సంతల్లో ధాన్యం తూచే తూనికరాయి. మన పెద్దలు వీశెలు, మణుగులు అన్నట్టే రష్యన్లకి 'పూడ్' అనే కొలత ఉండేది. ఒక పూడ్ అంటే మన లెక్కలో 16.38 కిలోలు. ఈనాటికీ కెటిల్‌బెళ్లు 16, 24, 32 కిలోల్లో ఎక్కువగా దొరకడానికి కారణం అదే. ఒకటి, ఒకటిన్నర, రెండు పూడ్‌లన్నమాట. పని అయిపోయాక కుర్రాళ్లు ఎవరు ఎన్నిసార్లు ఎత్తగలరని ఆ రాళ్లతోనే పందేలు కాసేవారు. అలా తూనికరాయి కాస్తా కసరత్తు గుండు అయిపోయింది. మన పల్లెల్లోనూ రచ్చబండ దగ్గర సంగిడి రాళ్లెత్తి బలం చూపించుకునేవారుగా... మనుషుల బుద్ధి ఎక్కడైనా ఒకటే!

దానికి ఒక పద్ధతి తెచ్చింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వ్లదిస్లావ్ క్రయెవ్‌స్కీ అనే వైద్యుడు. ఆయన 1885లో అక్కడ బరువులెత్తే ఔత్సాహికుల సంఘం పెట్టాడు. 'రష్యన్ సింహం'గా పేరుపడ్డ మల్లయోధుడు జార్జ్ హాకెన్‌ష్మిట్ ఆయన శిష్యుడే. సరిగ్గా వందేళ్లకు, 1985లో, సోవియట్ యూనియన్ ఈ క్రీడకు నియమాలు రాసి జాతీయ పోటీలు నిర్వహించింది. 10 నిమిషాలపాటు గుండు కిందపెట్టకుండా ఎవరు ఎక్కువసార్లు ఎత్తితే వాళ్లే విజేత. అమెరికాలో దీనికి గిరాకీ తెచ్చింది బెలారుస్ నుంచి వెళ్లిన పావెల్ త్సత్సులిన్ అనే శిక్షకుడు. 2001లో ఆయన దీనిమీద పుస్తకం రాసి, శిక్షకుల కోసం కోర్సు కూడా మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి మిగతా ప్రపంచానికి, మన జిమ్‌లకి పాకింది.

డంబెల్ ఉండగా ఇదెందుకు?

డంబెల్ పట్టుకుంటే బరువు అరచేతికి రెండు పక్కలా సమానంగా ఉంటుంది. కెటిల్‌బెల్‌లో బరువంతా పిడికి కిందే, చేతికి దూరంగా వేలాడుతుంది. అందుకే ఇది గడియారం లోలకంలా ఊగుతుంది. ఆ ఊపుని తుంటి బలంతో పుట్టించడం, మళ్లీ అదే బలంతో ఆపడం... ఇదే ఈ వ్యాయామం రహస్యం. పిరుదులు, తొడ వెనక కండరాలు, వెన్ను చుట్టూ ఉండే కండరాలు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. పది ఊపులకే ఆయాసం వస్తుంది. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లలో సోమరులయ్యేవి సరిగ్గా ఆ కండరాలే కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకీ, బ్యాంకు కౌంటర్లలో కూర్చునేవాళ్లకీ ఇది బాగా పనికొస్తుంది.

నడుంనొప్పికి మంచిదా, చెడ్డదా? రెండూ నిజమే! డెన్మార్క్‌లో 40 మంది ఉద్యోగుల మీద ఒక అధ్యయనం చేశారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. సగం మందితో వారానికి మూడుసార్లు, 8 వారాలపాటు కెటిల్‌బెల్ వ్యాయామం చేయిస్తే వాళ్లకి మెడ, భుజాలు, నడుం నొప్పులు తగ్గాయి. 2011లో ఫలితాలు ప్రచురించారు. అయితే గుండె, ఊపిరితిత్తుల దమ్ము మాత్రం ఆ 8 వారాల్లో పెరిగినట్టు కనిపించలేదని కూడా అందులోనే రాశారు. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో వెన్నుపూసల మీద పడే భారాన్ని దశాబ్దాలపాటు పరిశోధించిన స్టూవర్ట్ మెక్‌గిల్ 2012లో మరో సంగతి చెప్పారు. మామూలుగా బరువులెత్తేటప్పుడు నడుం పూసల్ని ఒక దిశలో జరపాలని చూసే ఒత్తిడి, కెటిల్‌బెల్ ఊపులో దానికి ఎదురు దిశలో పడుతుందట. ఇతర బరువులు ఇబ్బంది లేకుండా ఎత్తేవాళ్లలో కూడా కొందరికి ఇది పడకపోవడానికి అది కారణం కావచ్చని ఆయన అభిప్రాయం. అంటే పక్కింటాయనకి పడింది కదాని మనకీ పడుతుందనుకోకూడదు.

అందుకే కొందరు మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడిగి తీరాలి. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, డిస్క్ జారి కాలులోకి నొప్పి లాగుతున్నవాళ్లు, షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతిన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే కాన్పయినవాళ్లు... ముఖ్యంగా సిజేరియన్ అయినవాళ్లు. 'అడగడమెందుకు, తేలికపాటిదే కొంటాగా' అనే మాట పనికిరాదు. ఊపులో 8 కిలోల గుండు కూడా 8 కిలోల్లా ఉండదు. కిందికొచ్చేసరికి దాని వేగం తోడై అంతకంటే ఎంతో గట్టిగా లాగుతుంది.

ఎంత బరువు కొనాలి?

వ్యాయామం కొత్తయితే ఆడవాళ్లు 8 కిలోలు, మగవాళ్లు 12 కిలోలతో మొదలుపెడితే సరిపోతుంది. ఇప్పటికే కసరత్తు అలవాటున్నవాళ్లయితే 12, 16. 'మగాణ్ని, 12 ఏమిటి' అని నామోషీ పడితే ఏమవుతుందో పైన చెప్పాను. అలాగని మరీ తేలికదీ వద్దు. 2 కిలోలు, 4 కిలోల రంగురంగుల గుండ్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ వాటిని తుంటితో ఊపాల్సిన పనే పడదు. చేతులే లేపేస్తాయి. అలా తప్పు పద్ధతి అలవాటైపోతుంది.

కొట్టుకెళ్లి కొనేట్టయితే పిడిని చేత్తో తడిమి చూడండి. పోతపోసిన అతుకు గరుకుగా తగిలితే వద్దు, వారంలో అరచేయి చీరుతుంది. రెండు చేతులూ ఇరుకు లేకుండా పట్టాలి. అడుగు చదునుగా ఉండి, నేలమీద పెడితే దొర్లకుండా నిలబడాలి. లోపల సిమెంటు నింపి పైన ప్లాస్టిక్ తొడిగినవి చవగ్గా వస్తాయి. కానీ కొన్నింటిలో పిడీ గుండూ వేరువేరు ముక్కలు. ఊపుతుండగా అతుకు ఊడితే ఆ గుండు టీవీలోకి వెళ్తుందో, మనిషి మీదికి వెళ్తుందో ఎవరు చెప్పగలరు? మొత్తం ఒకే పోతగా ఉన్నదే మేలు. పోటీలకు వాడే స్టీలు గుండ్లు మరో రకం. బరువెంతయినా సైజు ఒకటే, రంగుని బట్టి గుర్తుపట్టాలి. 16 అయితే పసుపు, 24 అయితే ఆకుపచ్చ, 32 అయితే ఎరుపు. మొదట్లో వాటి అవసరం లేదు.

ఇంట్లో చోటు సంగతీ చూసుకోవాలి. ముందూ వెనకా కనీసం ఆరేసి అడుగులు ఖాళీ ఉండాలి. పిల్లలూ కుక్కపిల్లా గదిలోకి రాకుండా తలుపేసుకోవాలి. టైల్స్ మీద రబ్బరు మ్యాట్ వేయకపోతే టైలూ పగులుతుంది, కింది వాటావాళ్లతో తగువూ వస్తుంది. వట్టికాళ్లతో గానీ, పలచటి చదును అడుగున్న బూట్లతో గానీ చేయాలి. పరిగెత్తడానికి వాడే మెత్తటి బూట్లలో మడమ కుదురుగా నిలవదు. ఉంగరాలు తీసెయ్యండి. చున్నీ, వదులు పైజమా, చీర కుచ్చిళ్లు గుండు దారిలోకి వస్తాయి కాబట్టి ఒంటికి సరిపడే బట్టలుండాలి. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేతులతో పిడి పట్టుకోవడం అన్నిటికంటే ప్రమాదం. ఇక ఎండాకాలంలో మన కోస్తా ఉక్కపోతకి అరచేతులు చెమటతో జారతాయి. పక్కనే పొడి తువ్వాలు పెట్టుకుని ప్రతి విడతకీ తుడుచుకోవాల్సిందే. గుండు ఎప్పుడైనా పట్టుతప్పితే వదిలెయ్యండి, పక్కకి తప్పుకోండి. పట్టుకోబోవద్దు. టైలు మారిస్తే పోతుంది, కాలివేలు అలా కాదు.

ముందు గోడతో నేర్చుకోండి

తలుపుకి మడతబందు ఉన్నట్టే మన ఒంటికీ ఒక మడతబందు ఉంది. అది తుంటి. నడుం కాదు. కానీ చీపురు పట్టి ఊడ్చేటప్పుడు, బకెట్ ఎత్తేటప్పుడు మనలో చాలామంది వీపుని విల్లులా వంచేసి నడుం దగ్గరే మడుస్తాం. పెన్ను తీయమన్నప్పుడు నేను చేసింది అదే.

చేతుల నిండా సామాను ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపు ఎలా మూస్తారో గుర్తు తెచ్చుకోండి. పిరుదులు వెనక్కి నెట్టి మూస్తాం కదా! సరిగ్గా అదే కదలిక. గోడకి వీపు చేసి ఒక జానెడు దూరంలో, పాదాలు భుజాలకంటే కాస్త ఎడంగా పెట్టి నిలబడండి. మోకాళ్లు కొద్దిగా మాత్రం సడలించండి. ఇప్పుడు కిందికి కాదు... వెనక్కి. పిరుదులతో గోడని తాకండి. తాకారా? రెండంగుళాలు ముందుకి జరిగి మళ్లీ తాకండి. అలా జరుగుతూ పోతే ఒకచోట తొడల వెనక లాగినట్టు అనిపిస్తుంది. అక్కడ ఆగాలి. మీ హద్దు అది.

వీపు నిటారుగా ఉందో లేదో తెలియడానికి బూజుకర్ర సాయం తీసుకోవచ్చు. కర్రని వెన్ను వెంట నిలువుగా పట్టుకుంటే అది తల వెనక, వీపు పైభాగం, ముడ్డిపూస... ఈ మూడుచోట్లా ఆనాలి. వంగుతుండగా ఏ ఒక్కచోట కర్ర విడిపోయినా వెన్ను వంగిందన్నమాటే. రోజుకి 20 సార్లు చొప్పున వారం చేస్తే ఒంటికి అర్థమవుతుంది. చాలామంది ఈ వారాన్ని వృథా అనుకుంటారు. నేనూ అనుకున్నా.

ఇక్కడ మనవాళ్లకి ఒక చిత్రమైన ఇబ్బంది. గొంతుక్కూర్చోవడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు. 'వంగండి' అంటే మోకాళ్లు ముందుకి తోసి కిందికి కూర్చుంటాం. అది గుంజీ. మంచిదే కానీ గుండు ఊపడానికి పనికిరాదు. గుంజీలో మోకాళ్లు బాగా మడుస్తాయి, తుంటి కిందికి దిగుతుంది. ఊపులో మోకాళ్లు కొంచెమే మడుస్తాయి, తుంటి వెనక్కి వెళ్తుంది. పిక్కలు దాదాపు నిలువుగానే ఉంటాయి. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ఈ తేడా తెలియదు. ఫోన్ని పక్కన స్టూలు మీద పెట్టి వీడియో తీసుకోండి, ఇట్టే పట్టుబడుతుంది.

గుండు నేలమీంచి లేచేది ఇలా...

వంగడం వచ్చాక మొదటి పని ఊపడం కాదు, ఎత్తి దించడం. గుండుని రెండు పాదాల మధ్య, చీలమండల వరసలో పెట్టండి. ముందుకి పెడితే నడుం మీద పడుతుంది. తుంటి వెనక్కి నెట్టి వంగి, రెండు చేతులా పిడి పట్టుకోండి. భుజాల్ని చెవులకి దూరంగా కిందికి లాగండి. పొట్టమీద ఎవరో సరదాగా గుద్దబోతే ఎలా బిగిస్తారో అలా బిగించండి. పాదాలతో నేలని తొక్కుతూ లేవండి. పైన నిటారుగా నిలబడి పిరుదులు బిగించాలి, వెనక్కి వాలకూడదు. దించేటప్పుడూ అదే దారి. 5 సార్లు ఎత్తి దించి, నిమిషం ఆగి, మళ్లీ 5. మొత్తం 5 విడతలు.

60 దాటినవాళ్లకి, పొట్ట అడ్డమొచ్చేవాళ్లకి నేల దాకా వంగడం కష్టమైతే గుండుని రెండు ఇటుకల మీదో గట్టి పీట మీదో పెట్టండి. ఎత్తు పెరిగితే వంగే పని తగ్గుతుంది. నిజానికి ఈ వయసువాళ్లు ఊపుల జోలికి వెళ్లకపోయినా ఫర్వాలేదు. ఇలా ఎత్తి దించడం, ఒక చేత్తో గుండు పట్టుకుని ఒరగకుండా హాల్లో అటూ ఇటూ నడవడం... ఈ రెండే చాలా మేలు చేస్తాయి. వంటింట్లో గ్యాస్ సిలిండరు జరపడం, బియ్యం బస్తా ఎత్తడం అందరం చేసేవే. నిండు సిలిండరు గ్యాస్ 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు 30. 'బాబోయ్ 8 కిలోలా' అని భయపడే ఇల్లాలు నెలనెలా ఆ 30 కిలోల్ని ఏ పద్ధతీ లేకుండా ఈడుస్తూనే ఉంటుంది. కండలు పెరిగి మగరాయుడిలా అయిపోతామన్న భయం కూడా అక్కర్లేదు. 8 కిలోలకి అంత శక్తి లేదు!

చేతులు చేదతాడు... గుండు చేద

రెండు మూడు వారాలు ఎత్తి దించడంలో తేడా రాకపోతే అప్పుడు ఊపు. గుండుని మీకు ఒక అడుగు ముందు పెట్టండి. తుంటి వెనక్కి నెట్టి వంగి, పిడి పట్టుకుని, గుండుని కాస్త మీవైపు వాల్చండి. ఇప్పుడు దాన్ని రెండు తొడల మధ్యలోంచి వెనక్కి విసరాలి. ఎక్కడిదాకా? ముంజేతులు తొడల లోపలి వైపు, గజ్జల దగ్గర తగిలేదాకా. గుండు మోకాళ్ల కిందుగా వెళ్తే నడుం లాగుతుంది. మోకాళ్ల పైనుంచే వెళ్లాలి. ఈ ఒక్క జాగ్రత్త నూటికి తొంభై ఇబ్బందుల్ని తప్పిస్తుందని నా అనుభవం.

వెనక్కి వెళ్లిన వెంటనే చటుక్కున లేచి నిలబడండి. నెమ్మదిగా కాదు, ఉన్నట్టుండి. పిరుదులు బిగిస్తే గుండు దానంతటదే ముందుకి లేస్తుంది. చేతులతో లేపొద్దు. చేతులు బావి చేదతాడు లాంటివి, గుండు చేద లాంటిది. తాడు లాగదు, పట్టుకుంటుందంతే. గుండు ఛాతీ ఎత్తుకి వస్తే చాలు. మొదట్లో పొట్ట దాకా వచ్చినా చాలు. తలమీదికి తీసుకెళ్లే రకం కూడా కొన్ని జిమ్‌లలో చేయిస్తారు కానీ కొత్తవాళ్ల భుజాలకీ నడుంకీ అది అనవసర భారం. చాకిరేవులో బట్టని బండకేసి బాదేటప్పుడు 'ఇస్సో' అని ఊపిరి వదలడం పెద్దవాళ్లు వినే ఉంటారు. అచ్చం అలాగే, పైన నిటారైన క్షణంలో పళ్లమధ్య నుంచి 'ఇస్స్' అని ఊపిరి వదలండి. పొట్ట దానంతటదే బిగుస్తుంది. కిందికొచ్చేటప్పుడు ముక్కుతో పీల్చండి. ఊపిరి బిగబట్టి 10 ఊపులూ లాగేస్తే తల తిరుగుతుంది.

గుండు కిందికి వస్తుండగా చాలామంది తొందరపడి ముందే వంగిపోతారు. ఆగాలి. ముంజేతులు పొట్టకి తగలబోయేదాకా నిటారుగానే ఉండి, ఆఖరి క్షణంలో తుంటి వెనక్కి నెట్టాలి. కబడ్డీలో రైడర్ మీదికొచ్చేదాకా కదలకుండా ఉండి చివర్లో తప్పుకునే ఆటగాడిలా! చూపు కింద ఉన్నప్పుడు ఆరడుగుల దూరంలో నేలమీద, పైన ఉన్నప్పుడు ఎదురుగా. తల పైకెత్తి అద్దంలో చూసుకుంటూ ఊపితే మర్నాడు మెడ తిరగదు.

ఆపేటప్పుడు గుండుని గాల్లోంచి నేరుగా కిందపెట్టకూడదు. ఆఖరిసారి వెనక్కి ఊగి ముందుకి వచ్చేటప్పుడు, వంగే ఉండి, మొదలుపెట్టిన చోటే ఆనించాలి. అది నేలని తాకి, చేతులు వదిలి, నిటారుగా లేచేదాకా విడత పూర్తికానట్టే. ఫోన్ మోగితే మోగనివ్వండి.

మూడో వారంలో ఒక్కో ఊపుకీ గుండు కిందపెడుతూ 5 సార్లు. అది కుదిరాక వరసగా 5. తర్వాత వరసగా 10, అలాంటివి 5 విడతలు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. ఒక విడతకీ ఇంకో విడతకీ మధ్య ఎంతసేపాగాలి? పక్కవాళ్లతో ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేదాకా. రెండు నెలలకి 10 చొప్పున 10 విడతలు, అంటే 100 ఊపులు చేయగలిగితే చాలా బాగా చేసినట్టే. అంతా కలిపి 20 నిమిషాలు పట్టదు. పదో ఊపు మొదటి ఊపులా లేదనిపిస్తే ఎనిమిదో ఊపుకే ఆపెయ్యండి. జిమ్‌లో 'ఇంకొక్కటి... ఇంకొక్కటి' అని ట్రైనర్లు అరవడం వేరే వ్యాయామాల్లో చెల్లుతుందేమో, దీన్లో అలసటే గాయానికి దారి. జిమ్‌లో చేరే ముందు ట్రైనర్‌ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: 'ఊపుకీ గుంజీకీ తేడా ఏమిటి?' అని. చేసి చూపించలేకపోతే ఆయన దగ్గర ట్రెడ్‌మిల్ ఎక్కండి చాలు.

ఊపుతోపాటు గుంజీ కూడా చేయాలనుకుంటే గుండుని ఛాతీకి ఆనించి రెండు చేతులతో గిన్నెలా పట్టుకుని, మోచేతులు మోకాళ్ల లోపలికి వచ్చేలా కూర్చుని లేవండి. మనకి అలవాటైన భంగిమే కాబట్టి తొందరగా పట్టుబడుతుంది. పడుకుని గుండుని పైకెత్తి పట్టుకుని అంచెలంచెలుగా లేచి నిలబడే 'టర్కిష్ గెటప్' అందంగా ఉంటుంది. భుజానికి మంచిది కూడా. కానీ గుండు ముఖం మీద వేలాడుతుంది కదా... అందుకే నెల రోజులు ఇనుము లేకుండా చేయాలి. పిడికిలి మీద సగం నీళ్లున్న ప్లాస్టిక్ గ్లాసు నిలబెట్టి లేవండి. ఎక్కడ తొణికిందో అక్కడ మీ తప్పు దొరుకుతుంది. ఒక్క ఊపుతో తలమీదికి లేపే 'స్నాచ్', భుజం దాకా తెచ్చే 'క్లీన్' చూడ్డానికి ఎంత ఊరించినా మొదటి మూడు నెలలు వద్దు. సరిగ్గా రాకపోతే గుండు తిరిగి ముంజేతిమీద ఠపీమని పడుతుంది. నల్లగా కమిలిపోయిన మణికట్లతో ఆఫీసుకెళ్లాల్సి ఉంటుంది.

మర్నాటి నొప్పి ఏం చెబుతుంది?

కొత్తలో ఒళ్లునొప్పులు సహజం. అవి ఎక్కడున్నాయన్నది చూసుకోవాలి. పిరుదుల్లో, తొడల వెనక ఉంటే పద్ధతి కుదిరినట్టే. తొడల ముందుభాగం పట్టేస్తే గుంజీలా ఊపుతున్నారు. భుజాలు, మోచేతుల దగ్గర నొప్పి అయితే చేతులతో లేపుతున్నారు. నడుం అడుగున రెండు పక్కలా పట్టేసినట్టుంటే మళ్లీ గోడ దగ్గరకి వెళ్లాలి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. అవి కండరాల నొప్పులు, రెండ్రోజుల్లో పోతాయి. కానీ పోటు పొడిచినట్టుండే నొప్పి, కాలులోకి జాలువారే తిమ్మిరి, ఛాతీలో బిగువు, కళ్లు బైర్లు కమ్మడం... వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే ఆపి డాక్టర్ దగ్గరకెళ్లాలి. తిమ్మిరితోపాటు మూత్రం మీద పట్టు తప్పితే మర్నాటిదాకా కూడా ఆగకూడదు.

అరచేతుల్లో వేళ్ల మొదట్లో కాయలు కాస్తాయి. పెంచుకోవద్దు, ఒకరోజు పిడికి తగులుకుని తోలు ఊడొస్తుంది. స్నానమప్పుడు మెత్తబడ్డాక పాదాలు రుద్దుకునే రాయితో కాస్త అరగదీస్తే చాలు. పిడిని బిగించి పిసకకుండా వేళ్ల కొక్కెంతో పట్టుకుంటే అసలు అంతగా కాయవు.

నా సంగతంటారా... మూడు నెలలు గోడతోనూ బూజుకర్రతోనూ గడిపి, 12 కిలోల గుండు ఇంకోటి కొన్నాను. 16 కిలోలది అప్పటిదాకా వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా ఉండేది. ఆర్నెల్ల తర్వాత ఒకరోజు పొద్దున్నే దాన్ని తీసి 10 ఊపులు ఊపి, వంగి, జాగ్రత్తగా నేలకి ఆనించి లేచాను. వంటింట్లోంచి మా అమ్మ కేక... 'తలుపుకి అడ్డం తీసిందెవర్రా?'